కెప్టెన్ పట్టీ సంగతి తర్వాత, ముందుగాల పీటీ సారు ఏడి?

గుగులోతు సౌమ్య ఎవరని మా హుజూర్‌నగర్ సెంటర్ల నిలవడి అడిగితే ఎంతమంది జెప్తరు? కోహ్లి సెంచరీలు నోటికి లెక్కజెప్పే పోరగాళ్లు గూడ నెత్తి గోక్కుంటరు. నిజామాబాద్ దిక్కు లంబాడి బిడ్డ. 2024-25కు దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డిచ్చింది ఈమెకే.

ఆమె నడిచిన తొవ్వ జూడుండ్రి. కేరళల గోకులం క్లబ్బు. 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్. తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్. 2025ల ఆ క్లబ్బుకు మహిళల లీగ్ కప్పు ఖాయం జేసిన ఆటల, ఒడిశా మీద పడ్డ ఒకే ఒక్క గోల్ ఆమెదే. అదే ఏడు థాయ్‌లాండ్ల మన జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మంగోలియాను 13-0తోని ఓడగొట్టిన ఆటల సౌమ్య రెండు గోల్స్ గొట్టింది.

ఇంత ఆట ఉన్న పిల్ల రేపు దేశానికి కెప్టెన్ అయితదా? అయితే మనకు పండుగే. గని నాయకత్వమంటే జబ్బకు కట్టుకునే పట్టీ ఒక్కటే గాదు. భాష రాని దేశంల పోయి నిలవడుడు నాయకత్వం. కప్పు ఎటు పోతదో తెల్వని ఆటల గోల్ గొట్టుడు నాయకత్వం. ఆ గుణం ఆమెల ఉన్నదని ఆటే జెప్పింది.

నా బాధ వేరే ఉన్నది. ఆమె క్లబ్బుల పేర్లు మళ్ల సదువుండ్రి. ఒక్కటన్న తెలంగాణది ఉన్నదా? ఆమె కప్పు గెలిచిన లీగ్‌ల మన రాష్ట్రం జట్టే లేదు. 2021-22ల ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ గూడ 2025ల ఢిల్లీకి ఎల్లిపోయింది.

ఒకప్పుడు గిట్ల లేకుండె. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన దేశాన్ని నాలుగో స్థానంల నిలబెట్టి, 1962 జకార్తా ఆసియా క్రీడల్ల బంగారం దెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. బడి పంతులు. ఆటగాళ్లను తయారుజేసేది సార్లే అని ఆయన బతుకే సాక్ష్యం.

మరి గా సార్లు ఇయ్యాల ఏరి? 2024 డీఎస్సీల 11,062 పోస్టులుంటే పీఈటీలవి 182. నూటికి రెండు గూడ లేవు. 2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం బోర్డు వెట్టిండ్రు. మా దిక్కు నేను జూసినకాడ బోర్డు ఉన్నది, ఆట లేదు. 2025ల కొత్త సర్కారు క్రీడా విధానమన్నది. కాయితం మంచిదే, గని కాయితం విజిల్ ఊదదు గద!

మఠంపల్లి, పాలకవీడు తండాల్ల మిరప చేన్లకు ఉరికే ఆడపిల్లలున్నరు. వాళ్లల్ల ఇంకో సౌమ్య లేదని ఎవరన్న జెప్పగలరా? గెలిచినంక శాలువ గప్పుడు అందరికి వస్తది. గెలవకముందు ఒక బంతి, ఒక సారు, ఇంత గ్రౌండు ఇయ్యాలె. మండలానికి ఒక్క బాలికల జట్టుతోనన్న షురూ జేయుండ్రి. ఓట్లకు వచ్చేటోళ్లను ఈసారి గిదే అడుగుదాం.