సంపాదకుని మాట: మేడ మీంచి గొల్లకావడి

అమీర్‌పేట, పంజాగుట్ట దీపాల వెలుగులో పిల్లలకోడి చుక్కలు మూడో నాలుగో కనబడితే గొప్ప. అయినా మా మేడ మీంచి గొల్లకావడి కింది నీహారికను వంద ఫోటోలు తీశాను. విడిగా ఒక్కోటీ బూడిదరంగు మరకే. చుక్కకు చుక్క సరిపెట్టి, పేర్చి, సగటు తీస్తే గరుకుదనం పదో వంతుకు తగ్గి గులాబీ రెక్క విచ్చుకుంది. ఆ రంగు హైడ్రోజన్‌ది. దాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచితే మాత్రం నేనొప్పుకోను.

పక్కనే బేగంపేట. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పాక ఇక్కడికి తరలివచ్చిన నిజామియా వేధశాల, 8 అంగుళాల టెలిస్కోపుతో లక్షల నక్షత్రాలను గాజు పలకల మీద పట్టి, ప్రపంచ నక్షత్ర పట్టికకు అందించింది. ఈ సంచికలో ముందు ఆ పలకల కథ, తర్వాత మీరు పంపిన ఫోటోలు.