వరద పోయాక విత్తనం ఎక్కడిది?

వరద వచ్చినప్పుడల్లా పేపర్లలో, టీవీల్లో ఒకటే చర్చ: ఎకరానికి ఎంత పరిహారం ఇస్తారు, ఎప్పుడిస్తారు? అడగాల్సిందే, కాదనను. కానీ వచ్చే జూన్‌లో ఆ రైతు ఏం విత్తుతాడు అని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. నిజాంసాగర్ గేట్లెత్తారు, మంజీర పొంగింది, బోధన్ వైపు వరి, సోయా చేలు మునిగాయి. పోయిన పంట అందరికీ కనిపిస్తుంది. దాంతోపాటు పోయిన విత్తనం సంగతి మే నెల వస్తే గానీ తెలియదు.

మా దిక్కు పంటలన్నీ ఒక్కలాంటివి కావు. నాటే వరికి ఎకరానికి 20-25 కిలోల విత్తనం చాలు, ఎక్కణ్ణుంచైనా సంచిలో తెచ్చుకోవచ్చు. పసుపు అలా కాదు. ఎకరానికి ఇంచుమించు 8-10 క్వింటాళ్ళ దుంపలు కావాలి. అవి ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కావు, తవ్విన పంటలోంచే తీసి దాచుకోవాలి. నీళ్ళు నిలిచి దుంపకుళ్ళు వచ్చిందా, పంటా పోయె, విత్తనమూ పోయె. సోయాది ఇంకో బాధ. గింజ పైపొర పల్చన. కోతలప్పుడు వాన తగిలితే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మొలవదు. 2020లో మహారాష్ట్రలో సోయా మొలవలేదని వేల ఫిర్యాదులు వచ్చాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది.

చెరుకు సంగతి మరీ విచిత్రం. దాని విత్తనమంటే గడ ముక్కలే, ఎకరానికి టన్నుల్లో కావాలి, దగ్గర్లోని చేలనుంచే రావాలి. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరుకు తగ్గిపోయింది. ఫ్యాక్టరీని మళ్ళీ తెరిపించేందుకు 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. సంతోషమే. మెషిన్లు బాగు చేయించొచ్చు, మరి విత్తనం? విత్తనం పోవడానికి వరదే రానక్కర్లేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక మాట ఉంది: రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకపే కాదు. నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారం పెద్ద బ్యాకప్. 2015లో సిరియా యుద్ధం వల్ల అలెప్పో జీన్‌బ్యాంక్ వాళ్ళు తమ గింజల్ని అక్కణ్ణుంచి వెనక్కి తీసుకున్నారు కూడా. గొప్ప విషయమే. కానీ అక్కడుండేది ఒక్కో రకానికి కొన్ని వందల గింజలు. తొలకరికి రైతుకి కావాల్సింది బస్తాలు. ఆ బ్యాకప్ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఉండాలి.

1994 మారణకాండ తర్వాత రువాండాలో పరిశోధకులు గమనించిందేమంటే, చాలాచోట్ల స్థానిక విత్తనం దొరుకుతూనే ఉంది, కొనడానికే రైతు దగ్గర డబ్బు లేదు. ఆ తర్వాత ఆఫ్రికాలో విత్తన సంతలు పెట్టి, నష్టపోయినవాళ్ళకి కూపన్లు ఇచ్చారు. మనకీ ఇది సరిపోతుంది. మంజీర ఒడ్డు మునిగినా మెరక ఊళ్ళలో పసుపు, సోయా మిగులుతాయి కదా.

అంత దూరం ఎందుకు, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన బ్యాంకులు నడిపాయి. విత్తనం తీసుకున్నవాళ్ళు పంటొచ్చాక కొంత ఎక్కువే కలిపి తిరిగి కొలుస్తారు. మన పాత 'నాగు' లాంటిదే, కాకపోతే ఆ ఎక్కువ దొర గాదెలోకి కాదు, సంఘం కుండలోకి పోతుంది.

హైబ్రిడ్ మక్కల్ని ఇలా దాచుకోలేం, నిజమే. వరి, సోయా, పసుపు దాచుకోవచ్చు. 2001 నాటి చట్టం రైతుకి విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది. అంకాపూర్, ఆర్మూర్ వైపు ఎర్రజొన్న విత్తనం పండించి ఉత్తరాదికి పంపే జిల్లా ఇది. నైపుణ్యం లేదని ఎవరూ అనలేరు.

నేనడిగేది చిన్నదే. పరిహారంలో కొంత భాగం విత్తన కూపన్‌గా, విత్తే ముందు, మే నెలలో ఇవ్వండి. మార్కెట్ యార్డులో సంత పెట్టండి. వంద గింజలు తడి గోనెలో చుట్టి ఎన్ని మొలిచాయో అక్కడే లెక్కపెట్టి చూపించండి. పసుపు బోర్డు ఆఫీసు 2025లో నిజామాబాద్‌లోనే తెరిచారు కాబట్టి, విత్తన దుంపల నిల్వ బాధ్యత వాళ్ళు తీసుకోవచ్చు.

పరిహారం పోయిన ఏడాది లెక్క. విత్తనం రాబోయే ఏడాది లెక్క. రెండోది ఎవరి ఖాతాలో రాస్తున్నారో కలెక్టరాఫీసులో అడుగుదామా?