సర్వేయర్ల సంఘాలు చెప్పని లెక్క

ఒక సర్వేయర్ల వృత్తి సంఘం ఏడాది ప్రగతి నివేదిక ఈ వారం నా చేతికొచ్చింది. సభ్యులు పెరిగారు. కొత్త శాఖలు తెరిచారు. సదస్సులు జరిపారు, డ్రోన్ల మీద శిక్షణ ఇచ్చారు, పెద్దలకు ఫెలోషిప్పులిచ్చి శాలువాలు కప్పారు. పేజీ పేజీకీ ఫొటోలే. నాకు కావలసిన లెక్క మాత్రం చివరి అట్ట దాకా వెతికినా దొరకలేదు. ఈ ఏడాది సభ్యుల మీద జనం నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? ఎన్ని విచారించారు? తప్పు కొలిచిన ఎంతమందికి సభ్యత్వం రద్దు చేశారు? ఈ మూడింటికీ జవాబు లేని పుస్తకం మీద ‘ప్రగతి’ అని అచ్చేసుకోవడం చూస్తే ఒళ్లు మండింది.

అన్నమయ్య జిల్లా కలికిరిలో ఉంటూ ఇంత కోపం ఎందుకంటే, మా వైపు బతుకులన్నీ హద్దుల మీదే నడుస్తాయి. కలికిరి, వాయల్పాడు, పీలేరు దారిలో ఏ టీ అంగడి దగ్గర నలుగురు కూర్చున్నా, మాట టమాటా ధరతో మొదలై గెనిమ తగాదా దగ్గరికే చేరుతుంది. డీకేటీ పట్టా ఉన్నవాడికి ఒక బాధ, పొలం 22ఏ నిషేధిత జాబితాలో చిక్కుకున్నవాడికి ఒక బాధ, అన్నదమ్ముల భాగాలు విడిపోని వాడికి ఇంకో బాధ. వీళ్లందరూ ఏదో ఒకరోజు సర్వేయరు కోసం ఎదురుచూసినవాళ్లే.

రీసర్వే రోజుల్లో మా చేలల్లో పని ఎలా జరిగిందో చూడండి. కుర్ర సర్వేయరు శాటిలైటు సాయంతో కొలిచే రోవరు కర్రను గెనిమ మీద నిలబెడతాడు. కర్రకున్న నీటి బుడగ వలయం మధ్యకొచ్చేదాకా కదలకుండా పట్టుకుంటాడు. చేతిలోని తెర మీద ‘ఫిక్స్’ అని పడగానే బటన్ నొక్కుతాడు. ఆ బిందువు సెంటీమీటర్ల తేడాలో ఖాయమైపోయింది. పక్కన నిలబడిన రైతు, “ఈ గెనిమ కాదు సార్, మొన్న వాన్లకు తెగితే పక్కాయన ఇట్ల జరిపి కట్టుకున్న్యాడు” అంటాడు. “పెద్దాయనా, ఈ పొద్దు నేను ఇంకా చాలా కొలవాల. అర్జీ పెట్టుకో, తర్వాత చూస్తారు” అని అతను ముందుకు కదులుతాడు. కర్ర ఎక్కడ నిలబడిందో చెప్పడం వరకే యంత్రం పని. ఆ గెనిమ అసలు హద్దో కాదో చెప్పాల్సింది పాత ఎఫ్ఎంబీ కొలతల పుస్తకం, ఇరుగుపొరుగు రైతులు. వాళ్ల మాట వినకుండా కొలిస్తే, తప్పు కూడా సెంటీమీటరు కచ్చితత్వంతోనే రికార్డుకెక్కుతుంది.

దాని విలువెంతో లెక్క వేసి చెబుతాను. వంద మీటర్ల పొడవున్న గెనిమ మీద గీత ఒక్క మీటరు పక్కకు జరిగితే పోయేది వంద చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఊళ్లలో పేదల ఇళ్లకని గత ప్రభుత్వం ఇచ్చిన జాగా సెంటున్నర. ఒక కుటుంబం ఇల్లు కట్టుకునే చోటు కంటే ఎక్కువ నేల ఒక్క బటన్ నొక్కుడుతో పక్కవాడి ఖాతాలో పడిపోతుంది.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే 2024 నాటికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 6,600కు పైగా గ్రామాల్లో పూర్తయిందని లెక్క చూపారు. ప్రభుత్వం మారాక అవే గ్రామాల్లో సభలు పెడితే రెండున్నర లక్షలకు పైగా అర్జీలు వచ్చిపడ్డాయి. విస్తీర్ణం తగ్గిందని కొందరు, పేరు తప్పు పడిందని కొందరు, నలుగురి భూమి కలిపి ఒకే ఎల్పీఎం (కొత్త భూపటం) నంబరు వేశారని ఇంకొందరు. ఉమ్మడి ఎల్పీఎంలో ఇరుక్కున్న రైతు తన వాటా అమ్మాలన్నా, బ్యాంకులో లోను తేవాలన్నా మిగతా ముగ్గురి ముఖం చూడాలి. ఒకే వృత్తి పనిమీద లక్షల ఫిర్యాదులు వచ్చిన సంవత్సరంలో ఆ వృత్తి సంఘాలు ఏం మాట్లాడాయి? నేనైతే ఏమీ వినలేదు.

నా కోపం ఆ కుర్రవాడి మీద కాదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో చేరిన దాదాపు 11 వేల మంది గ్రామ సర్వేయర్లలో చాలామందికి అదే మొదటి ఉద్యోగం. సామర్లకోట సర్వే అకాడమీలో నేర్పినంత నేర్పారు, తర్వాత టార్గెట్లు చేతికిచ్చి చేలల్లోకి తోలారు. ఇన్ని రోజుల్లో ఇన్ని ఎకరాలు ముగించాలన్నది పైవాళ్లు. తప్పు తేలినప్పుడు రైతు నిలదీసేది మాత్రం వాణ్ణి. “ఈ వేగంతో కొలిస్తే హద్దులు తప్పుతాయి, మేం సంతకం పెట్టం” అని అనగలిగే దన్ను వాడికి ఎవరివ్వాలి? సర్వీసు సంఘాలు బదిలీల కోసం, ప్రమోషన్ల కోసం పోరాడతాయి. అది వాళ్ల బాధ్యత, కాదనను. కానీ పని నాణ్యత కోసం పై అధికారితో పేచీ పడాల్సింది వృత్తి సంఘం. తప్పు చేసిన సభ్యుణ్ణి శిక్షించడం, తప్పు చేయనన్న సభ్యుణ్ణి కాపాడటం, ఈ రెండూ చేయని సంఘానికి వార్షిక చందా ఎందుకు కట్టాలి?

మన దేశంలో మిగతా వృత్తులకు ఈ ఏర్పాటు ఎప్పుడో జరిగింది. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం ఉంది. వకీళ్లకు 1961 చట్టం, బార్ కౌన్సిల్. ఆర్కిటెక్టులకు 1972 చట్టం. అంతెందుకు, సర్వేయర్లనే పేరున్న ఇంకో వర్గాన్ని చూడండి. కారు గుద్దుకున్నా, గోడౌను కాలినా బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసేవాళ్లు కూడా సర్వేయర్లే. వాళ్ల కోసం 2005లో హైదరాబాదు కేంద్రంగా ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అందులో సభ్యత్వం ఉంటేనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ లైసెన్సు ఇస్తుంది. బంపరు విరిగిన కారుకు వెలకట్టేవాడి మీద ఇంత కట్టుబాటు పెట్టిన దేశం, ఎకరాల హద్దు గీసేవాడి కోసం అలాంటి జాతీయ చట్టం ఒక్కటీ చేయలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ల నుంచి ఢిల్లీలో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సర్వేయర్స్ ఉంది. పటాలు గీసేవాళ్ల జాతీయ సంఘం 1979లో మన హైదరాబాదులోనే పుట్టింది. పరీక్షలు, సదస్సులు, పత్రికలు నడిపి ఇవి విద్యకు మేలే చేశాయి. కానీ కలికిరి రైతు పొలాన్ని తప్పుగా కొలిచినవాణ్ణి పిలిచి అడిగే అధికారం వీటికి లేదు.

శ్రీలంక మనకంటే చిన్న దేశం. 2002లో సర్వే చట్టం తెచ్చి భూసర్వే కౌన్సిల్ పెట్టుకుంది. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే, సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలన్నా ముందు 11ఈ అనే సర్వే స్కెచ్ తీయించుకోవాలి. లైసెన్సు ఉన్న సర్వేయర్లు ఆ పని చేస్తారు. తెలంగాణ 2025లో భూభారతి చట్టం తెచ్చాక వేల మంది యువకులకు శిక్షణ ఇచ్చి సర్వేయరు లైసెన్సులు పంచింది. మంచిదే. అయితే లైసెన్సు ఇచ్చినంతలో పని అయిపోదు. ఆ లైసెన్సు ఎప్పుడు రద్దవుతుందో, ఎవరు రద్దు చేస్తారో జనానికి తెలిసేలా చెప్పినప్పుడే దానికి విలువ.

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1868లో పుట్టి 1881లో రాజశాసనం పొందిన సంస్థ అది. ప్రపంచమంతటా లక్షకు పైగా సభ్యులున్నారు. అంతటి సంస్థలో నిధుల నిర్వహణ మీద ఆడిటర్లు ఘాటుగా రాసిన నివేదికను బోర్డు సభ్యులందరికీ చూపలేదు. ఇదేమిటని అడిగిన నలుగురు డైరెక్టర్లను 2019లో సాగనంపారు. విషయం బయటపడ్డాక బయటి న్యాయవాదితో విచారణ జరిపించారు. 2021 సెప్టెంబరులో వచ్చిన ఆ నివేదిక దెబ్బకు ముఖ్య కార్యనిర్వాహకుడితో పాటు అధ్యక్షురాలు కూడా దిగిపోయారు. ఆ సంస్థ తనకు తలవంపులైన నివేదికను దాచకుండా, వందల పేజీలు ఉన్నవి ఉన్నట్టు బయటపెట్టింది. ఒక్క సభ్యుడు పెరగకపోయినా, నా దృష్టిలో ఆ సంస్థకు నిజమైన ప్రగతి ఆ ఏడాదిదే. మన సంఘాల్లో ఏది అలాంటి పుస్తకం అచ్చేయడానికి సిద్ధంగా ఉంది?

ఈ వృత్తికి మన నేలమీద ఉన్నది చిన్న చరిత్ర కాదు. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల పెట్టారు. అదే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1802 ఏప్రిల్లో లాంబ్టన్ అనే ఆంగ్లేయ సర్వేయరు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర కొలత గీత వేసి దేశమంతా త్రిభుజాలు అల్లడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఊరూరా గొలుసు పట్టుకు తిరిగినవాళ్లు మనవాళ్లే. 66 అడుగుల గొలుసు, దానికి వంద లింకులు, వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. ఎండలో నడిచి, ఆఫ్‌సెట్లు కొలిచి, ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క కాగితం మీద స్కెచ్ గీశారు. ఎఫ్ఎంబీ తెరిచి చూస్తే చేను చుట్టూ రాళ్ల గుర్తులు, లోపల చుక్కల గీతలుగా జీ-లైన్లు, వాటి పక్కన సన్నటి అక్షరాలతో లింకుల లెక్కలు. శాటిలైటు లేని కాలంలో మనుషులు కాళ్లతో, కళ్లతో సాధించిన పని అది. ఆ గొలుసు పట్టినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

రాతి మాట వచ్చింది కనుక ఇది కూడా చెప్పాలి, ఎన్నేళ్లుగానో నా గుండెలో ఉన్న బాధ. హద్దు రాయి రైతుది, రికార్డు ప్రభుత్వానిది. ఆ రాతి మీద నాయకుడి పేరుతో పథకం చెక్కించడం, పాసుపుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ అచ్చేయడం రైతుకు జరిగిన అవమానం. లక్షల రాళ్ల మీద అలా చెక్కారు. ప్రభుత్వం మారాక చెరిపే పని పెట్టారు. పాసుపుస్తకాల మీదికి రాజముద్ర వచ్చింది, అది న్యాయం. చెక్కడానికీ చెరపడానికీ ఖర్చయింది ప్రజల సొమ్ము. ఆ రాళ్లు మోసుకెళ్లి పాతింది సర్వే సిబ్బందే. రాతి మీద సర్వే గుర్తు తప్ప ఇంకేమీ ఉండకూడదని ఒక్క సంఘమైనా తీర్మానం చేసి ఉంటే, ఈ రాష్ట్రం దాన్ని నెత్తిన పెట్టుకునేది.

రాయి సంగతి అలా ఉంటే, కాగితం సంగతి ఇంకా దారుణం. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయం తగలబడింది. వందల ఫైళ్లు బూడిదయ్యాయి, కేసు సీఐడీకి వెళ్లింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. నేనడిగేది వేరు: ఒక్క గదిలో మంట లేస్తే ఇన్ని ఊళ్ల భూముల చరిత్ర పోయేలా ఎందుకు ఉంచారు? వాయల్పాడు తాలూకా కాగితాలు 1911 దాకా కడప జిల్లావి, తర్వాత చిత్తూరు జిల్లావి, 2022 నుంచి అన్నమయ్య జిల్లావి. జిల్లా పేరు మారినప్పుడల్లా మూటలు కట్టి మోశారు. పుంగనూరు వైపు జమీందారీ ఊళ్లు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రైత్వారీ కిందికి వచ్చాయి. అక్కడ పాత కాగితం ఒక్కటి పోయినా రైతు చేతిలో ఇంకో ఆధారం మిగలదు. డ్రోన్లకు, రోవర్లకు, శాటిలైటు కొలతలకు తోడ్పడే డెబ్భై దాకా కోర్స్ స్టేషన్లకు డబ్బు దొరికిన రాష్ట్రంలో, పాత ఎఫ్ఎంబీలకు నిప్పంటుకోని బీరువా దొరకలేదు.

కలికిరి జేఎన్‌టీయూ కాలేజీలో సివిల్ చదివే పిల్లలు రేపు ఈ వృత్తిలోకే వస్తారు. సభ్యత్వ ఫారం మీద సంతకం చేసేముందు వాళ్లు ఆ సంఘాన్ని అడగాలి: ఫిర్యాదుల పద్దు ఉందా, శిక్షల జాబితా ఉందా, తప్పుడు ఆదేశాన్ని కాదన్న సభ్యుడి పక్షాన మీరు ఎప్పుడైనా నిలబడ్డారా అని. లేదంటే చందా కట్టకండి.

రైతులకు కూడా ఒక మాట. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం మీకోసమే ఉంది. కొలిచే ముందు నోటీసు ఇవ్వాలి. హద్దు నిర్ణయం మీద అప్పీలు ఉంది. తుది ప్రకటన వచ్చాక కూడా మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. సర్వేయరు మీ చేను దాటకముందే పేరు, తేదీ, సంతకంతో స్కెచ్ నకలు అడగండి. ఇవ్వనంటే ఆ మాటే కాగితం మీద రాసి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఏ సంఘమూ ఉంచని ఫిర్యాదుల పద్దు, కనీసం మీ ఊరి వరకైనా, ఆ రసీదులతో మొదలవుతుంది.