పెరటి చెట్టు

మన ఊరి ఆటగాణ్ణి మన జట్టు ఎందుకు తీసుకోలేదని అభిమానులు అడగడం సహజం. ఈ మమకారాన్ని మన్నించే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు, స్థానిక క్రీడాకారుణ్ణి ముందుగా ఎన్నుకొనే హక్కును 1965 వరకు జట్లకు ఇచ్చింది. 2008లో ఐ.పి.ఎల్. సైతం సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లను వేలానికి పెట్టక సొంత ప్రాంతాల జట్లకే అప్పగించింది. ఆ ఐదు జట్లలో ఒక్కటీ ఆ ఏడు ఫైనలు చేరలేదు. చేరినవి ఆస్ట్రేలియా నుండి వచ్చిన వార్న్ నడిపిన రాజస్థాన్, రాంచీ నుండి వచ్చిన ధోనీ నడిపిన చెన్నై. గెలిపించిన ధోనీని చెన్నై తన సొంతబిడ్డను చేసుకొన్నది.

అట్లని దగ్గరివాణ్ణి చులకన చేయడమూ వివేకం కాదు. ఢిల్లీని ఆనుకొని ఉన్న ఫరీదాబాద్ యువకుడు రాహుల్ తెవాతియాను ఢిల్లీ జట్టు 2018లో కొన్నది; మరుసటి ఏడు రాజస్థాన్‌కు ఇచ్చివేసింది. 2020 సెప్టెంబరు 27న షార్జాలో, మొదట బంతి అందక తడబడిన అతడే ఒక్క ఓవరులో ఐదు సిక్సర్లు కొట్టి ఓటమిని గెలుపుగా మార్చాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పెరటిదా, అడవిదా అని కాక, రోగానికి తగినదా అని చూసేవాడే వైద్యుడు. జట్టును కూర్చేవారికీ అదే ధర్మం. ఊరి పేరు తొలినాటి టిక్కెట్లు అమ్మగలదు. ఆపైన అమ్మవలసినది ఆటే.