గూడు కాసే చేపకు గాలం వద్దు

ఉత్తర అమెరికాలో గాలం వేసేవారికి లార్జ్‌మౌత్ బాస్ అంటే ఎంతో మోజు. పేరుకు తగ్గట్టే పెద్ద నోరున్న ఈ మంచినీటి చేపను పట్టడానికి వారు బాగా నమ్ముకునే ఎరల్లో ‘జిగ్’ ఒకటి. కొక్కేనికి సీసంతోనో టంగ్‌స్టన్‌తోనో చేసిన బరువైన తల, దాని చుట్టూ కుచ్చులా వేలాడే సిలికాన్ పోగులు ఉంటాయి. దాన్ని నీటి అడుగున మెల్లగా కుదుపుతూ లాగితే, బాస్ ఇష్టంగా తినే క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవి పాకుతున్నట్టు కనిపిస్తుంది.

జిగ్‌ను ఏ కాలంలో ఎక్కడ, ఎంత వేగంగా ఆడించాలో ప్రధానంగా నీటి ఉష్ణోగ్రతే చెబుతుంది. ఆ లెక్క తెలిసినవారికి చేప చిక్కుతుంది. గాలాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పేదీ ఆ లెక్కే. ఈ రెండో పాఠాన్ని మాత్రం చాలామంది పట్టించుకోవడం లేదు.

బాస్ శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటితోపాటు మారుతుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధికం. అందువల్ల పైన మంచు పేరుకున్న సరస్సులోనూ అడుగున నీరు సుమారు 4 డిగ్రీల వద్ద ఉంటుంది. చలికాలంలో బాస్ లోతుకు చేరుతుంది. జీవక్రియ మందగించి దాని ఆకలి తగ్గుతుంది. అప్పుడు జిగ్‌ను కదిలీ కదలనట్టు ఆడించాలి. వేసవిలో వెచ్చని నీరు పైన, చల్లని నీరు కింద పొరలుగా విడిపోతాయి. పోషకాలు ఎక్కువగా ఉన్న సరస్సుల్లో కింది పొరలో ఆక్సిజన్ తరిగిపోతుంది కాబట్టి, బాస్ దానికి పైనే, తరచుగా నీటి మొక్కల నీడన ఉంటుంది. శరదృతువులో పై నీరు చల్లబడి పొరలు కలిసిపోయాక, చిన్న చేపల గుంపులను వెంటాడుతూ ఒడ్డు వైపు వస్తుంది. ఈ మూడు కాలాల్లోనూ చేప జిగ్‌ను కరిచేది చాలావరకు తిండి కోసమే.

వసంతం కథ వేరు. నీరు సుమారు 15 డిగ్రీలకు వెచ్చబడగానే మగ చేప లోతు తక్కువ ఉన్న చోటికి వచ్చి, తోకతో అడుగును ఊడ్చి గుండ్రని గూడు చేస్తుంది. ఆడ చేప అందులో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆపైన కాపలా అంతా తండ్రిదే. గుడ్లు చిట్లి పిల్లలు ఈదడం మొదలుపెట్టాక కూడా కొన్నాళ్లు, సరిగా మేయకుండానే, అది కావలి కాస్తుంది. ఆ సమయంలో గూటిలో పడిన జిగ్ దానికి తిండిలా కాదు, గుడ్లు దొంగిలించ వచ్చిన శత్రువులా కనిపిస్తుంది. తరిమేయడానికి నోటితో పట్టుకుంటుంది. కొక్కెం గుచ్చుకుంటుంది.

‘పట్టి వదిలేస్తున్నాం కదా’ అన్నది తరచూ వినిపించే సమాధానం. కానీ తండ్రి గూటి దగ్గర లేని ఆ కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ వంటి చిన్న చేపలు గుడ్ల మీద పడతాయి. అలసిపోయి తిరిగొచ్చిన తండ్రి, మిగిలిన గుడ్లు మరీ తక్కువైతే గూటిని వదిలేసి పోవచ్చు. అప్పుడు చేప బతికినా సంతానం మిగలదు.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని రిడ్జ్ లేక్‌లో 1970ల్లో మొదలైన ప్రయోగం దీనికి మరో కోణం చూపింది. గాలానికి తేలిగ్గా చిక్కే బాస్‌లను, అంతగా చిక్కనివాటిని శాస్త్రవేత్తలు వేరుచేసి కొన్ని తరాలపాటు పెంచారు. చిక్కే గుణం కొంతవరకు వంశపారంపర్యంగా వస్తుందని తేలింది. ఈ వంశాలపై 2012లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, తేలిగ్గా చిక్కే మగ చేపలే గూటిని మరింత గట్టిగా కాస్తాయి. అంటే వసంతంలో గాలం ఏరి తీసేది మంచి తండ్రులనే.

దీనికి ఎదురు వాదనా ఉంది. ఒక్కో గూటిలో వేల గుడ్లుంటాయి, చేపల సంఖ్యను నీటిమట్టం, వాతావరణం, మేత కూడా నిర్ణయిస్తాయి అంటారు. అది నిజమే. అన్ని సరస్సులకూ ఒకే నిషేధం అక్కర్లేదు. అయితే చలి ప్రాంతాల్లో గుడ్లు పెట్టే కాలం చిన్నది, చెదిరిన గూటికి రెండో అవకాశం తక్కువ. కెనడాలోని దక్షిణ అంటారియోలో చాలాచోట్ల జూన్ రెండో సగం వరకు బాస్ వేటను అనుమతించనిది గూళ్లను కాపాడడానికే. అలాంటి చట్టం లేనిచోట కూడా, కంటికి కనిపించే గూటిపై జిగ్ వేయకుండా ఉండడానికి పైసా ఖర్చు లేదు.

తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమనే ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపుతారు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కూడా పిల్లలను కాచుకునేదే. నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కదులుతోందంటే, కింద పెద్ద చేప కావలి ఉందని అర్థం. అది తెలిసినవారికి దాన్ని పట్టడం తేలిక.

చేప ఆకలితో ఉన్నప్పుడు గాలం వేయడం వేట. అది పిల్లలను కాస్తున్నప్పుడు వేయడం దాని కాపలానే దానికి ఉచ్చుగా మార్చడం. ఏడాదిలో ఆ కొన్ని వారాలు గాలాన్ని గూళ్లకు దూరంగా ఉంచితే, మిగతా కాలమంతా పట్టుకోవడానికి చేప మిగులుతుంది.