రిజిస్టరులో ఎవరి పేరు?

దసరా సెలవులకు ముందు రోజు ఆశ్రమ పాఠశాల గేటు దగ్గర తల్లిదండ్రులు వరుసగా నిలబడతారు. సంతకమో వేలిముద్రో వేసి పిల్లల్ని తీసుకుపోతారు. ఓ ఏడాది ఆ వరుసలో బెయిలు మీద వచ్చిన తండ్రి నిలబడ్డాడు. ఆరు నెలల కిందట తాగి వచ్చి భార్యను గొడ్డలితో నరికినవాడు. నాలుగో తరగతి చదివే అతని కూతురు మా వెనక దాక్కుంది. 'తండ్రి లేదా సంరక్షకుడు' అన్న గడిలో అతని పేరే ఉంది. "పేరుంది కదా మాస్టారూ, పంపెయ్యండి" అన్నారు పైవాళ్లు. పంపేశాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

అంతకుముందే ఊళ్లో పంచాయితీ అయిపోయింది. పెద్దలు తప్పు కట్టించారు, మేకను కోయించారు. పిల్లలు తండ్రి ఇంటిపేరు వాళ్లు కాబట్టి తండ్రి గడపకే పోవాలన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న అమ్మమ్మ ఆ మూలనే కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. పిల్లను అసలే అడగలేదు.

ఇది మన ఆచారం, బయటివాళ్ల చట్టం మనకెందుకు అంటారు. ఏ ఆచారం? మేనమామ లేకుండా మనలో పెళ్లి మాట కదులుతుందా? పిల్ల పెళ్లికి అతని మాట కావాలి, పిల్ల తల్లి హత్యకు గురైన నాడు మాత్రం అక్కర్లేదా? తల్లివైపు వాళ్లకున్న వాటాను దాచి, తండ్రివైపుదే ఆచారమని చెప్పే పెద్దలను మనం ఎదురుగానే అడగాలి. చదువుకున్న పిల్లలు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

పైకి ఎవరూ అనని సంగతి ఇంకొకటుంది. ఇలాంటి హత్యలు ఇంట్లోనే జరుగుతాయి, చాలాసార్లు చూసేది పిల్లలే. ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చిన్నపిల్లల సాక్ష్యం కూడా కోర్టులో చెల్లుతుంది. మరి నాన్న పెట్టే అన్నం తింటున్న పిల్ల బోనెక్కి ఏం చెబుతుంది? చిన్నాన్న నేర్పిందే చెబుతుంది. పిల్లను తీసుకుపోయే తొందర అంతా ప్రేమేనని మేం నమ్మం.

చట్టం సంగతీ చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డ క్షేమం చూడాలని, సంరక్షకుడిగా వచ్చేవాడి నడవడి చూడాలని, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చని దాని 17వ సెక్షను చెబుతుంది. 19వ సెక్షను మాత్రం, బతికున్న తండ్రి తగనివాడని కోర్టు అనుకుంటే తప్ప వేరొకరిని నియమించరాదంటుంది. భార్యను చంపినవాడు తగనివాడని చెప్పుకోవడానికి అమ్మమ్మే కొండ దిగి, బస్సు ఛార్జీలు పెట్టుకుని, వకీలును వెతుక్కోవాలి!

బ్రిటన్‌లో 2021లో ఓ యువతిని భర్త చంపాడు. జైల్లో ఉన్నా పిల్లల విషయంలో అతనికి హక్కు మిగలడమేమిటని ఆమె తల్లిదండ్రులు పోరాడారు. 2024లో చట్టం వచ్చింది. శిక్ష వేసే కోర్టే ఆ హక్కును ఆపాలి. దెబ్బలు భరించలేక తిరగబడ్డ ఆడవాళ్ల విషయంలో కోర్టు ఆగి ఆలోచించడానికి వీలుంచారు. అది న్యాయం. అలాంటి తల్లినీ, గొడ్డలి పట్టిన ఈ తండ్రినీ ఒకే గాటన కట్టమని మేమూ అనడం లేదు. కానీ ఆ చట్టం పనిచేసేది నేరం రుజువయ్యాక. మా పిల్ల సంగతి బెయిలు నాడే తేలిపోయింది.

అందుకే టీచర్లతో మా తగువు. ఆ రోజు మేం 1098కి ఫోన్ చేయవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, పిల్లను దాని ముందుకు తీసుకుపోవచ్చు. తగిన బంధువుకు అప్పగించే అధికారం ఆ కమిటీకి ఉంది. పేదరికం అడ్డమైతే, అర్హత ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయమూ ఉంది. ఇవన్నీ మాకు ట్రైనింగులో చెప్పలేదు. అయినా తర్వాత తెలుసుకోకపోవడం మా తప్పే.

ఆ పిల్ల సెలవులయ్యాక పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అమ్మ పేరు రాయమంటే పలక బోర్లించింది. ఆ జూన్ నుంచి చేరిక ఫారంలో చేత్తో ఓ గడి గీస్తున్నాం: అమ్మమ్మ లేదా మేనమామ పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఈ గడి గీయమని ఏ సర్క్యులరూ మాకు రాలేదు.