రిలేట్ కాకపోతే ఏంటట?

పుస్తకాల గురించి మనం వాడుతున్న మాటల్లో నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది: "రిలేట్ కాలేకపోయాను." కథ సాగదీశారనో, భాష పేలవంగా ఉందనో అంటే అది విమర్శ. దానికి జవాబు చెప్పొచ్చు, పోట్లాడొచ్చు. రిలేట్ కాలేదంటే ఇంక మాట్లాడేదేముంది? రెండు స్టార్లిచ్చి పుస్తకాన్ని పక్కన పడేయడమే.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' గురించి కూడా ఈ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. చిన్న నవల. పందులు మేపుకునే ఓ ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. తీరా కనబడేసరికి అది పిల్లలతో ఉంటుంది. సాకిన మనిషినే దగ్గరికి రానివ్వదు. అపార్టుమెంటులో బతికే నాకు పందంటే చెత్తకుండీ దగ్గర ముక్కు మూసుకుని దాటిపోయే జంతువు. ఆయనకది ఆస్తి, రేపటి తిండి. అడవి గురించీ పంది గురించీ ఆయనకు తెలిసినవేవీ నాకు తెలీవు. అవి తెలుసుకోవడానికేగా ఆ పుస్తకం తెరిచింది! నా మొహం చూసుకోవడానికైతే ఇంట్లో అద్దముంది.

మెచ్చుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. హెమింగ్వే 'ద ఓల్డ్ మాన్ అండ్ ద సీ'తో పోల్చి, మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటం అనేసి ఊరుకుంటారు. పోలిక తప్పని కాదు. కానీ ఆ పొగడ్తలో పంది ఏమైపోయింది? కులం ఏమైపోయింది? సముద్రంలో చేపతో తలపడేవాణ్ణి వీరుడనడం మనకి సుఖంగానే ఉంటుంది. పందులవాణ్ణి చూడాలంటే ముందు ముక్కు మీద చెయ్యి తియ్యాలి. "ఎవరైనా మనుషులే కదా" అనేస్తే ఆ అవసరం తప్పిపోతుంది. ఒకరు ఆయన తమలా లేడని వదిలేశారు, ఇంకొకరు తమలా మార్చేసుకున్నారు. ఆయన్ని ఇద్దరూ చూడలేదు.

అసలీ రిలేట్ అయ్యే సౌకర్యం ఎవరికుంది? వాడలో పుట్టిన పిల్లలు బళ్లో తులసికోటలూ, పడక్కుర్చీలూ, ఫిల్టర్ కాఫీలూ ఉన్న కథలు చదివారు. సందర్భసహిత వ్యాఖ్యలు రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. "సార్, నేను రిలేట్ కాలేకపోయా" అని పేపర్లో రాస్తే పాస్ చేసేవాళ్లా? పరాయి జీవితాన్ని శ్రద్ధగా చదవడం వాళ్లకి తప్పనిసరి. మనకేమో మూడ్ ఉంటేనే!

"రాసినాయన మాత్రం ఆ జీవితం బతికాడా?" అని అడగొచ్చు. లేదు. 2015లో చనిపోయిన కేశవరెడ్డి డాక్టరు, డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిలో పనిచేశారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ఎక్కడ సరిగ్గా పట్టుకున్నారో, ఎక్కడ తప్పారో ఆ బతుకు తెలిసినవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. అయితే వాళ్లు రాసిందీ వెతికి చదవాలి. ఆ ప్రశ్న ఇంకో పుస్తకం తెరిపించాలి గానీ ఉన్నదాన్ని మూయిస్తే ఎలా?

నచ్చి తీరాలని నేననడం లేదు. నచ్చకపోతే ఎక్కడ ఆగిపోయారో రాయండి. ఏ మాట దగ్గర తడబడ్డారు, ఏ పేజీలో కడుపులో తిప్పింది, ఎవరి మీద జాలి పుట్టాల్సిన చోట పుట్టలేదు, ఎందుకు పుట్టలేదు? అది చెప్తే పుస్తకం గురించి మాట్లాడినట్టు. రిలేట్ కాలేదన్నారంటే, మీ గురించి మాట్లాడినట్టు.